బొటనవేలు పాస్ చేసిన బిళ్ల

ఆస్ట్రేలియాలోని రాక్‌హాంప్టన్‌లో లైల్ కీహో ఉండే వీధిలో, అతని చేత ఒక్కసారైనా మెడ తడిమించుకోని మనిషి లేడు. అలాగని అతను డాక్టరు కాడు. నది అవతల ఉన్న కబేళాలో మాంసం ఇన్‌స్పెక్టరు. తోలు ఒలిచిన పశువుల తలలు కొక్కేలకు వేలాడుతూ ఒకదాని వెనక ఒకటి అతని ముందుకొస్తాయి. ఎడమ చేతి బొటనవేలితో దవడ కింద తడుముతాడు, కుడి చేతి కత్తితో అక్కడున్న లింఫ్ గ్రంథిని చెక్కలుగా కోస్తాడు, లోపలి రంగు చూస్తాడు. గజ్జల్లో బిళ్ల కట్టిందంటామే, అదే బిళ్ల. ఒంట్లో ఏ మూల జబ్బు పుట్టినా దాని తొలి మజిలీ అక్కడే. బిళ్ల శుభ్రంగా ఉంటే తల పాస్. లేకపోతే పక్క కమ్మీ మీదికి తోసి, పశువుల డాక్టరు వచ్చి తేల్చేదాకా ఆపాలి.

ఆ ఊరి చుట్టుపక్కల తెల్లమొహం పశువులు ఎక్కువ. ఎండకు వాటి కళ్ల దగ్గర పుండు లేస్తుంది, అది క్యాన్సరవుతుంది, చెవి కింది బిళ్లలోకి దిగుతుంది. ముప్పై ఏళ్లుగా లైల్ చూస్తున్నది ఎక్కువగా అదే. అందుకని క్యాన్సరంటే అందరికీ ఉండే బెదురు అతనికి లేదు. అతని దృష్టిలో అది రోజూ పలకరించే పొరుగువాడు.

కత్తి కబేళాలోనే ఉండిపోయేది కానీ బొటనవేలు మాత్రం అతనితో ఇంటికొచ్చేది. ఆదివారం పెరట్లో మాంసం కాల్చుకునే చోట ఎవరో ఒకరు, లైల్, మెడ కింద ఏదో తగుల్తోంది, ఓసారి చూడు అనేవారు. అతను బీరు కింద పెట్టి, చెయ్యి నిక్కరుకు తుడుచుకుని, కళ్లు మూసుకుని తడిమి, "పాస్" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. నవ్విన తర్వాత డాక్టరు దగ్గరకు వెళ్లడం మానేసేవాళ్లు. పక్కింటి కోల్ పాస్కో చెవి వెనక ఉండ అలాగే పాసయింది. కోల్ కుక్క కూడా పాసయింది, అదృష్టవశాత్తూ దానికి నిజంగానే ఏమీ లేదు.

భార్య గ్లెనిస్ కూడా ఒకసారి చంకలో ఏదో నొప్పిగా ఉందంది. రొమ్ము పరీక్షలు చేసే వ్యాను అప్పుడు ఊరి సంత మైదానంలోనే ఆగి ఉంది. లైల్ తడిమి పాస్ అన్నాడు. నొప్పి రెండు రోజుల్లో పోయింది, వ్యానూ వెళ్లిపోయింది. అది మళ్లీ వచ్చినప్పుడు గ్లెనిస్‌కు దాని ఊసే గుర్తు రాలేదు.

లైల్‌కు అరవై రెండో ఏడు నడుస్తుండగా ఈ కథ అసలు మొదలైంది. పెరట్లో మామిడిచెట్టు విరగకాసింది. రాత్రిపూట గబ్బిలాలు పడి తింటున్నాయని అతను నిచ్చెనెక్కి వల కడుతున్నాడు. గ్లెనిస్ నిచ్చెన పట్టుకుంది. అతని ఎడమ పిక్క సరిగ్గా ఆమె కళ్ల ముందుంది. పిక్క మీద అంచులు చెదిరిన నల్లమచ్చ ఒకటి, సిరా చుక్క తడి కాగితం మీద పడ్డట్టు ఉంది.

"ఇదెప్పుడొచ్చింది?" అంది.

"నాతోపాటే పుట్టింది. వల అందుకో."

"నీతో పుట్టినవన్నీ నాకు తెలుసు. ఇది నన్నడక్కుండా వచ్చింది."

లైల్ ఒప్పుకోలేదు. బతుకంతా గడ్డకట్టే చలి గదుల్లో, ట్యూబులైట్ల కింద, మోకాళ్ల దాకా తెల్ల రబ్బరు బూట్లేసుకుని గడిపాడు. ఎండకు తనతో ఏం పని? రోడ్లేసేవాళ్లను చూసుకోమను అన్నాడు. చిన్నప్పుడు నిక్కరుతో, చెప్పుల్లేకుండా బడికెళ్లిన సంగతి, శనివారాలు కోల్‌తో కలిసి నదిలో పడవేసుకుని చేపల కోసం పగలంతా కూర్చున్న సంగతి లెక్కలోకి తీసుకోలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు మాట్లాడాడు. గ్లెనిస్ వాదించలేదు. డాక్టరు దగ్గర రోజు ఖాయం చేసి, ఆ పొద్దున బండి తాళాలు తన దగ్గర పెట్టుకుంది.

డాక్టరు మచ్చ కోసి పరీక్షకు పంపాడు. అది మెలనోమా, పుట్టుమచ్చ వేషంలో వచ్చే క్యాన్సర్. లోతు మిల్లీమీటరు కన్నా కొంచెం ఎక్కువ. ఆ లోతు దగ్గరే వచ్చింది చిక్కు. పైపైన ఉన్నదైతే కోసేస్తే పోయేది. లోతుగా దిగినదైతే ఎక్కడికైనా ప్రయాణం కట్టిందేమో అన్న ప్రశ్న వస్తుంది. ప్రయాణం కడితే తొలి మజిలీ ఏమిటో లైల్‌కు ఒకరు చెప్పనక్కర్లేదు. పిక్క నుంచి గజ్జలోకి.

బ్రిస్బేన్‌లో ఉన్న సర్జన్ దగ్గరికి పంపారు. ఆవిడ పేరు ప్రూ వేసీ, నలభై దాటని మనిషి, మాట మెత్తన. ముందు లైల్ గజ్జల్లో చేత్తో చూసింది. తర్వాత కంప్యూటరు తెర ఇద్దరి వైపూ తిప్పింది. మచ్చ లోతు, పైన పుండు పడిందా లేదా, కణాలు ఎంత జోరుగా చీలుతున్నాయి, మనిషి వయసు, ఇలా ఒక్కొక్కటీ నింపుతూ పోయింది. వేలమంది రోగుల అనుభవం మీద కట్టిన లెక్కట అది. చివర ఒక అంకె వచ్చింది. పన్నెండు.

"మీలాంటి మచ్చ ఉన్నవాళ్లను వందమందిని తీసుకుంటే, పన్నెండుమందికి అది బిళ్లలోకి చేరి ఉంటుంది," అందావిడ. "తొమ్మిది కావచ్చు, పదహారు కావచ్చు. మీరు ఆ పన్నెండులో ఉన్నారా, మిగతా ఎనభై ఎనిమిదిలో ఉన్నారా అన్నది మాత్రం ఈ లెక్క చెప్పదు."

వయసు ఎక్కువైతే ఆ అంకె తగ్గుతుందని, అదే మచ్చ ముప్పై ఏళ్లవాడికి ఉంటే ఇంకా పెరిగేదని కూడా చెప్పింది. ముసలితనంలో ఇన్నాళ్లకో లాభం కనబడిందని లైల్ మెచ్చుకున్నాడు.

తేల్చుకునే దారి ఒకటే ఉంది. మచ్చ ఉన్న చోట రంగుమందు ఎక్కిస్తే అది పారుతూ పోయి మొట్టమొదట ఏ బిళ్లలో చేరుతుందో కనబడుతుంది. ఆ బిళ్లను తీసి పరీక్షించాలి. అంకె అయిదు దాటితే ఈ మాట రోగితో ఎత్తుతాం, పది దాటితే చేయించుకోమనే చెబుతాం అంది. తీసినంత మాత్రాన జబ్బు నయం కాదు, తర్వాత ఏం చెయ్యాలో తెలుస్తుంది. కొందరికి కాలు వాస్తుంది, కొందరికి తొడ మొద్దుబారుతుంది, అదీ దాచలేదు. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పింది. పిక్క మీద మచ్చ చుట్టూ ఇంకాస్త వెడల్పుగా చర్మం తియ్యాలి కదా, బిళ్ల తియ్యడమూ ఆ రోజే జరగాలి. ముందు చర్మం తీసేశాక బిళ్ల సంగతి చూద్దామంటే కుదరదు. రంగు పారే దారే మారిపోతుంది.

లైల్ అంతా విని తన బొటనవేలు ఎత్తి చూపించాడు.

"ఇది నేను రోజూ చేసే పనే డాక్టర్. పొద్దున స్నానంలో చూసుకున్నా. మెత్తగా ఉంది."

"నాకూ మెత్తగానే తగిలింది," అని ఆవిడ, "కానీ..." అంటూ ఇంకా ఏదో చెబుతోంది. లైల్ అప్పటికే గ్లెనిస్ వైపు తిరిగి కళ్లెగరేశాడు. చదువుకున్న చెయ్యి కూడా తన చేతి కింద సంతకం పెట్టింది. ఆ తర్వాత ఆవిడ చెప్పిన మాటలు గాలికి పోయాయి. కాలి మీద చర్మం కోత వరకు ఒప్పుకుంటా, బిళ్ల జోలికి వద్దు అన్నాడు. వచ్చే వారం లోపల మనసు మారితే ఫోన్ చెయ్యమంది ఆవిడ.

ఇంటికి తిరుగు ప్రయాణం ఒక పూటంతా. దారిలో మాంసం కూరిన రొట్టె తినడానికి ఆగినప్పుడు లైల్ లెక్క వేశాడు. నూటికి పన్నెండంటే గుర్రప్పందాల్లో ఏడుకి ఒకటి. డాలరు పెడితే ఏడిచ్చే గుర్రం. అలాంటి గుర్రం గెలవడం తను చూడకపోలేదు కానీ, బుద్ధున్నవాడెవడూ దాని మీద డబ్బు పెట్టడు. గ్లెనిస్ తన రొట్టె సగం తిని, మిగతాది కాగితంలో చుట్టేసింది.

"గుర్రాల సంగతి నాకు తెలీదు. కాలు నీది, నీ ఇష్టం," అంది. "కానీ నువ్వు ఓడిపోతే ఆ ఇంట్లో మిగిలేది నేను. అదొక్కటి నీ లెక్కలో ఎక్కడ వేశావో చెప్పు."

లైల్ బండెక్కి తాళం తిప్పాడు. రేడియో పెట్టాడు. ఆమెకు భయంగా ఉంది, కోపంగానూ ఉంది.  ఇల్లు చేరేదాకా ఆ కాగితం పొట్లం ఒళ్లోనే పెట్టుకు కూర్చుంది.

కబేళాలో టీ గదంటే ఊళ్లో రెండో కోర్టు. ఎవరి విడాకులైనా, ఎవరి మోకాలైనా అక్కడ విచారణకు రావాల్సిందే. లైల్ తన పన్నెండును బల్ల మీద పెట్టాడు. పక్కింటి కోల్ అక్కడ మాంసం ముక్కలు కోసే బల్ల దగ్గర పని చేస్తాడు. విని పెదవి విరిచాడు.

"ఏడుకొకటా? ఒరేయ్, ఆ గుర్రం గేటు దాటితే గొప్ప. నీ గజ్జ చుట్టూ ఇంత గొడవేంటిరా, అదేమన్నా దేశమంతా పనులాపి చూసే కప్పు పందెమా?"

అందరూ నవ్వారు. లైల్‌కు హాయనిపించింది. ఆ నవ్వు కోసమే చెప్పాడు కూడా. పెరట్లో పాస్ అనిపించుకున్నవాళ్లకు కలిగే హాయి ఎలా ఉంటుందో అతనికి అప్పుడే తొలిసారి అనుభవంలోకి వచ్చింది.

మూలన డబ్బాలో అన్నం తింటున్న మారివిక్ మాత్రం నవ్వలేదు. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చి, లైల్ దగ్గర ఇన్‌స్పెక్టరు పని నేర్చుకుంటున్న నలభై ఏళ్ల మనిషి. అక్కడ అందరూ అందర్నీ పేరు పెట్టి పిలుస్తుంటే ఈమె ఒక్కతే లైల్ సార్ అంటుంది, మానమన్నా మానదు. ఆమె చెంచా ఆపి అడిగింది.

"సార్, ఒక మందలో నూటికి పన్నెండు తలల్లో క్యాన్సరుంటే మీరేం చేస్తారు?"

పరీక్షకు చదువుకుంటోంది కదా, పాఠంలో అనుమానమేమో అనుకున్నాడు లైల్. లైను ఆపేస్తాననీ, పశువుల డాక్టర్ని పిలుస్తాననీ, ఆ మందలో ఒక్క తల కూడా చూడకుండా బయటికి పోనివ్వననీ గడగడా చెప్పాడు. నూటికి పన్నెండంటే ఆ మంద ఎక్కణ్నుంచి వచ్చిందో ఆరా తీయాల్సినంత ఘోరం అన్నాడు. చెప్పడం అయ్యాక చూస్తే గదిలో అందరి కళ్లూ తన కాలి మీదే ఉన్నాయి.

"మనిషి మంద కాదు," అన్నాడు లైల్, కొంచెం కటువుగానే.

"కాదు సార్. మందైతే ఈపాటికి ఆపేసేవారు."

కోల్ ఏదో హాస్యం ఆడబోయి, అది సగంలోనే చల్లారిపోగా టీ తాగాడు. మారివిక్ మళ్లీ అన్నంలోకి తలవంచింది. గెలిచినట్టు ముఖం పెట్టలేదు. ఆమెకు నిజంగానే అర్థం కాక అడిగినట్టుంది.

మధ్యాహ్నం లైల్ ఎప్పటిలాగే తలల ముందు నిలబడ్డాడు. తెల్లమొహం మందలోని ఆవు తల వచ్చింది, కంటి మూల పుండుంది. బొటనవేలు చెవి కిందికి వెళ్లింది. మెత్తగా ఉంది. కత్తి వేశాడు, శుభ్రం. ఇంకోటి వచ్చింది, మెత్తన, కత్తి, శుభ్రం. పొద్దుగూకేదాకా ఒక్కటీ చెడ్డది రాలేదు. అయినా ఒక్కదాన్ని కూడా మెత్తగా ఉందిలే అని కత్తి వెయ్యకుండా వదల్లేదు. వదలాలన్న ఆలోచనే రాలేదు. ముప్పై ఏళ్లలో ఎప్పుడూ రాలేదని, కత్తి కడుక్కుంటున్నప్పుడు అతనికి తట్టింది. అది అతనికి నచ్చలేదు.

ఇంటికెళ్లేసరికి గ్లెనిస్ ఉప్పుమాంసం ఉడకబెట్టి, పైన పోయడానికి తెల్ల సాసు కలుపుతోంది. లైల్ గుమ్మంలో బూట్లు విప్పుతూ, బిళ్ల కూడా తీయించేద్దాం, ఆ డాక్టరమ్మకు ఫోన్ చెయ్యమన్నాడు. ఎందుకు మారావని ఆమె అడగలేదు. అడిగితే మళ్లీ మారతాడేమోనని భయం. చేతిలో గరిట దింపకుండానే ఫోన్ తీసింది.

రంగుమందు ఎక్కించారు, చర్మం కోశారు, గజ్జలోంచి రెండు బిళ్లలు తీశారు. తొడ మొద్దుబారింది, కాలు మాత్రం వాయలేదు. ఫలితం వచ్చేదాకా లైల్ కుంటుతూ పెరట్లో తిరిగి రాలిన మామిడిపళ్లు ఏరాడు. కోల్ వచ్చి, ఓడిపోయే గుర్రం మీద కాలు పందెం కాసిన మొనగాడివి నువ్వొక్కడివేరా అని వెక్కిరించి, పళ్లు సగం పట్టుకుపోయాడు.

ఫలితం చెప్పడానికి ప్రూ వేసీ మళ్లీ బ్రిస్బేన్ రమ్మంది. ఫోన్‌లో చెప్పకుండా రమ్మన్నదంటే ఏమిటో గ్లెనిస్‌కు అప్పుడే తెలిసిపోయింది. దారిలో ఎక్కడా ఆగుదామనలేదు.

"రెండిట్లో ఒకదాంట్లో ఉంది," అంది సర్జన్. "చాలా చిన్నది, ఆవగింజలో చిన్న పలుకంత."

గ్లెనిస్ లైల్ చెయ్యి పట్టుకుంది. లైల్ ముందుకు వంగాడు.

"చేతికి ఎలా తగిలింది?"

ఆవిడకు అర్థం కాలేదు.

"తీసింతర్వాత పట్టుకుని ఉంటారుగా. గట్టిగా ఉందా?"

"లేదు. మెత్తగా ఉంది. రెండూ ఒకేలా ఉన్నాయి," అందావిడ. "చేత్తో చూసి చెప్పమంటే నేనూ వదిలేసేదాన్నే. పలచగా కోసి మైక్రోస్కోపు కింద పెడితేనే కనబడింది. మొన్న మీకు చెప్పబోయింది అదే."

తర్వాత ఆవిడ చాలా మంచి మాటలు చెప్పింది. ఇంత చిన్నగా ఉండగా దొరకడం మేలు. మిగతా బిళ్లలన్నీ తీసెయ్యడం ఇప్పుడు మానేశారు. ఒళ్లంతా స్కాన్ తీస్తారు, కొన్ని నెలలకోసారి గజ్జలు చూస్తారు, మందు వాడాలా వద్దా అన్నది ఇంకో డాక్టరుతో కూర్చుని తేల్చుకోవచ్చు. చాలామంది దీన్ని దాటి హాయిగా ఉన్నారు. ఇవన్నీ గ్లెనిస్ విని గుర్తుపెట్టుకుంది. లైల్ ఈసారి కూడా వినలేదు. అతను తన బొటనవేలు చూసుకుంటున్నాడు.

బండిలో కూర్చున్నాక తాళం తిప్పలేదు. ఫోన్ తీసి కోల్‌కు కలిపాడు. కోల్ ముందు గుర్రం సంగతడిగాడు. గెలిచిందన్నాడు లైల్.  కోల్ తేరుకునేలోపే, నీ చెవి వెనక ఉండ ఇంకా ఉందా అని అడిగాడు. ఉంది, నువ్వు పాస్ చేశావుగా, దాని మానాన అది ఉంది అన్నాడు కోల్. రేపే డాక్టరుకు చూపించుకో, చూపించుకునేదాకా నా పడవ ఎక్కొద్దు అని పెట్టేశాడు. ఆ తర్వాత వీధి చివర మొక్కల నర్సరీ ఆవిడకు చేశాడు, ఆవిడ పిల్లాడి మెడ కూడా ఒకప్పుడు ఇలాగే పాస్ చేశాడు. కబేళాలో చెడు సరుకు పొరపాటున బయటికి పోతే కొట్టుకొట్టుకూ ఫోన్ చేసి వెనక్కి రప్పిస్తారు. లైల్ అదే పని చేస్తున్నాడు.

ఊరూపేరూ తెలియనివాళ్ల కంచాల్లోకి పోయే ఒక్క తలను కూడా అతను ఎన్నడూ వేలితో పాస్ చెయ్యలేదు, ప్రతిదానికీ కత్తి వేశాడు. తనవాళ్లనుకున్నవాళ్లందరికీ మాత్రం వేలు సరిపోయింది. ఇది తలుచుకుంటే అతనికి సిగ్గేసింది. తన గజ్జ గురించి కూడా అంత బాధ కలగలేదు.

ఫోన్ పక్కన పెట్టి, స్టీరింగు మీద చేతులుంచి అడిగాడు.

"గ్లెనిస్, ఆ రొమ్ము పరీక్షల వ్యాను. మళ్లీ వచ్చినప్పుడు వెళ్లావా?"

"లేదు." ఆమె గొంతులో నిష్ఠూరమేమీ లేదు. "నువ్వు పాస్ అన్నావుగా."

లైల్ స్టీరింగు మీంచి చేతులు తీసి ఆమె వైపు తిరిగాడు. 

"అన్నాను. కానీ నేను చూడలేదు గ్లెనిస్. తాకానంతే."

ఆమె అతని వంక చూసింది. అప్రయత్నంగా ఆమె చెయ్యి తన చంక కిందికి వెళ్లబోయి సగంలో ఆగిపోయింది. తర్వాత ఫోన్ తీసి, ఆ పరీక్ష బ్రిస్బేన్‌లో ఈ రోజే ఎక్కడ చేస్తారో వెతకడం మొదలుపెట్టింది.